మనిషికొక మూత

కాదు డాక్టరమ్మా, మీరు కూడా అలా అనేస్తే ఎలా? మా అమ్మాయి తాగుబోతు కాదు! దానికి ఆటిజం. ఇరవై మూడేళ్ళొచ్చాయి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలంటే ఇప్పటికీ ప్రాణం మీదికొస్తుంది దానికి.

ముందు ఇది చెప్పండి. కళ్ళు తెరుస్తుందా?

ఏం పనా? కళ్ళజోళ్ళ షాపు. వెనకగదిలో అద్దాలు అరగదీసేది. మూడేళ్ళలో ఒక్క అద్దం పాడుచెయ్యలేదంటే నమ్మండి! ఆ ఓనరుకి ఏం బుద్ధి పుట్టిందో, "ఇంత తెలివైన పిల్ల లోపలెందుకు" అని తీసుకొచ్చి కౌంటర్లో కూర్చోబెట్టాడు. మంచి చేశాననే అనుకున్నాడు, పాపం. ఇంక చూస్కోండి! ఆ లైట్లు, నలుగురూ ఒక్కసారే మాట్లాడ్డం... ఇంటికొచ్చి బీరువా సందులో దూరి, చెవులు మూసుకుని చేతులు కొరుక్కునేది. ఎన్నాళ్ళని చూడను?

తాగడం ఎవరు నేర్పారంటారా? స్నేహితులా! దానికి స్నేహితులెక్కడున్నారమ్మా?

నేనే.

వాళ్ళ నాన్న దాచుకున్న బ్రాందీ సీసాలోంచి, దగ్గుమందు మూతతో కొలిచి పోశాను. "కొత్త మనిషితో మాట్లాడే ముందు ఒక మూత వేసుకో, భయం పోతుంది" అన్నాను. మందు చెప్పినట్టే చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లని తెలిసీ చెప్పాను. నా నోరు పడిపోను!

ఇవాళ షాపులో తగ్గింపు అమ్మకాలట. పొద్దుటే జనం ఎగబడ్డారు. ఇది బాత్రూంలోకి వెళ్ళడం, కొలుచుకోవడం, మూతి తుడుచుకుని రావడం. మనిషికొక మూత. పొద్దున ఏమీ తినలేదు కూడా. పదకొండో ఆయనకి కళ్ళజోడు సరిచేస్తూ ఆయన కాళ్ళ దగ్గరే కుప్పకూలిందట.

మాన్పించనా? ఎలా మాన్పించను? "మరి మనుషులతో ఎలా మాట్లాడనమ్మా" అని అడిగితే ఏం చెప్పను? నాకూ తెలీదే!

ఇంతలా తాగుతోందని ఇన్నాళ్ళూ కనిపెట్టలేదా అని అడగండి, ఫర్వాలేదు. కనిపెట్టాను. నెల కిందటే, అది షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, దాని బ్యాగులో సీసా చూశాను. తీసి పారబోద్దామని వంటింట్లోకి తీసుకెళ్ళాను కూడా.

అప్పుడే అదీ వంటింట్లోకి వచ్చింది డాక్టరమ్మా. తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరో ముసలాయన కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నాడని చెప్పి పకపకా నవ్వింది. నా భుజం మీద తల వాల్చింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి! నోట్లోంచి గుప్పున వాసన కొడుతోంది. ఎక్కడ తల తీసేస్తుందోనని నేను కదల్లేదు.

తిరిగి బ్యాగులోనే పెట్టేసిన ఆ సీసా మర్నాడు నిండుకుంటే, నేనే వెళ్ళి ఇంకోటి తెచ్చి దాని బ్యాగులో పెట్టాను.