ముగ్గురు రాజుల వెనకాల

1931. మలయాలో కువాలా సెలంగోర్ దగ్గర ఒక రబ్బరు తోటలోని చిన్న చర్చి. ఇటలీలో నాలుగైదు వందల ఏళ్ల కిందట ఎవరో వేసిన ఊరేగింపు చిత్రం అచ్చుకాగితాన్ని ఫాదర్ గారు తోటలో బొమ్మలేసే సాలమన్‌కి ఇచ్చి, దాన్ని చూసి గోడ మీద వేయమన్నారు. జనంలో మాత్రం తోటవాళ్ల మొహాలు పెట్టమన్నారు. గంజి తెచ్చిన భార్య పౌలిన్ గోడ ముందు నిలబడిపోయింది.

"ఇంతమందీ ఎక్కడికెల్తన్నారు మావా?"

"బాలయేసుని సూడ్డానికి. తెల్లగుర్రం మీదున్నోడు కుర్ర రాజు. ఆ యెనక నడీడు రాజు, ఆ యెనక ముసిలాయన. మనిషికుండే మూడు వయసులంట."

"మరి బాలయేసు ఏడీ?"

"ఈ బొమ్మలో లేడు. దారే ఉంది."

"ఆ గుర్రం మీద పులేటి?"

"సిరుతపులి. వేటకి పెంచుకుంటారంట. మెడకి పట్టీ సూడు. రాజుల డాబు అది."

"దారి కొండ సుట్టూ ఇలాగ మెలికలు తిరిగిందేటి?"

"అదే దీని పనితనం. ముందరోళ్లు పెద్దగా, యెనకోళ్లు సిన్నగా. ఎంత దూరం నించి వస్తన్నారో కంటికి తెలస్తాది. ఒకలి మీద ఒకలు ఇరుక్కుని ఉంటారు. యెనక్కి తిరగడానికి సోటుండదు."

"అందరూ రాజులకేసి సూస్తంటే, ఈ మూలనున్నోడు మనకేసి సూస్తన్నాడు."

"అసలు బొమ్మలో అక్కడ దాన్నేసినోడు తన మొగమే ఎట్టుకున్నాడంట."

"ఇది నీ మొగం కాదు."

"గంజి సల్లారిపోతంది, ఇలాగియ్యి."

"ఇది రేమండ్ కదా."

"నీ మొదటి మొగుడు కదా అని... ఆత్మశాంతికి..."

"ఆడికి గెడ్డం లేదు."

"రాజులకాడ పనోళ్లకి ఉంటాది."

"నెరిసిన గెడ్డం. తోటలోంచి పారిపోతా వరదలో కొట్టుకుపోయినపుడు ఆడికి ముప్పయ్యేళ్లు. శవాన్ని సూసినానని బైబిలు మీద సెయ్యేసి ఫాదర్ గారికి సెప్పినావు. అందుకే కదా మనకి పెళ్లి సేసినారు."

"సెప్పినాను."

"మరి ఈ గెడ్డం ఎక్కడ సూసినావు?"

"వయసొస్తే ఎలాగుంటాడో అని, ఊరికే..."

"సచ్చిపోయినోడికి వయసెలాగొస్తాది?"

"గంజి ఇయ్యి, పౌలిన్."

"సెప్పు మావా."

"సుంగై సుమున్ ఊళ్లో. మొన్న రంగులకెల్లినపుడు. అక్కడ కొబ్బరితోటలో పని సేస్తన్నాడు. నన్ను సూసి నవ్వినాడు, అంతే. ఇక్కడ ఏడు మొగాలు గీసి సెరిపినాను. ఎనిమిదోసారీ ఆడే వచ్చినాడు."

"అప్పుడు శవం సూడలేదా?"

"సూడలేదు. నువ్వు కావాలనిపించింది."

"సెరిపీ."

"నిన్న ఫాదర్ గారు సూసినారు. అన్నిట్లోకీ ఈ మొగమే బాగుంది, ముట్టుకోవద్దన్నారు. ఆదివారం బిషప్పు గారొస్తారు. తోటంతా వస్తాది."

"ఆనవాలు పడతారు."

"పడతారు. మన పెళ్లి పెళ్లే కాదంటారు. పిల్లలు..."

"నాకు తెలుసు."

"నీకు తెల్దు. ఆడు బతికున్నాడు, పౌలిన్. కోపం రాదేటి నీకు?"

"మన పెళ్లికి నెల ముందే ఆడు కబురెట్టినాడు, ఇంక రాను, మరొకర్ని సూసుకో అని. నువ్వు శవాన్ని సూసినానని ఫాదర్ గారికి సెప్తంటే, నీ పక్కనే నించుని ఏడిసినాను మావా. ఆయన నమ్మింది నా ఏడుపుని."