జాబితాలో చివరి పేరు

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున. నోర్‌హోల్మ దేశం, ఉత్తర దీవుల్లో ఒకటైన హెల్వాయ్‌లో, తోర్దిస్, ఆస్లాక్ దంపతుల వంటిల్లు. తీర పార్టీ కార్యదర్శి సిగ్వాల్ కేకు పట్టుకొచ్చాడు.

“మళ్ళీ చెప్పు సిగ్వాల్. మెల్లిగా చెప్పు. నా పెళ్ళాం పార్లమెంటుకి ఎలా గెలిచింది?”

“గెలిచారు ఆస్లాక్. అంతే.”

“అంతే అంటే? మన నియోజకవర్గానికి ఉన్నవి నాలుగు సీట్లు. నాలుగూ పెద్ద పార్టీలు పట్టుకుపోయాయి. రాత్రి రేడియోలో నేనే విన్నా.”

“అవి ఇక్కడి సీట్లురా. ఇది సర్దుబాటు సీటు. దేశమంతా కలిపి మన పార్టీకి పడ్డ ఓట్లకి తొమ్మిది సీట్లు రావాలి. నియోజకవర్గాల్లో వచ్చినవి ఏడు. మిగతా రెండూ...”

“పోతే పోయాయి.”

“పోవు. ఎవరి ఓటూ ఊరికే పోకూడదనే కదా ఈ పద్ధతి. ఎక్కడ కొద్దిలో ఓడిపోయామో అక్కడికి ఇస్తారు. అందరికంటే కొద్దిలో ఓడిపోయింది మనమే.”

“నియోజకవర్గాలు ఒకటి, సర్దుబాట్లు ఒకటి! దేశం మొత్తం ఒకేసారి లెక్కేసుకుని చావచ్చుగా?”

“అప్పుడు రాజధాని వాళ్ళే సీట్లన్నీ పంచుకుంటారు. మన దీవుల మొహం ఎవడు చూస్తాడు?”

“సరే, ఇచ్చారు. మన పార్టీ జాబితాలో మొదటి పేరు నీది. నువ్వెళ్ళు.”

“నేనూ అలాగే అనుకున్నా ఆస్లాక్. కొత్త కోటు కూడా కుట్టించుకున్నా.”

“మరి?”

“జాబితాలో వరుస మనం రాసుకున్నదే. కానీ ఓటరు ఒక పేరు పక్కన టిక్కు పెడితే ఆ పేరు పైకొస్తుంది. ఎప్పుడూ ఎవరూ పెట్టరు, బద్ధకం. ఈసారి పెట్టారు. అందరికంటే కిందున్న తోర్దిస్ గారి పేరు పక్కన. పడమటి ఒడ్డు మొత్తం.”

“మొత్తమా?”

“మొత్తం. నాకు పెట్టింది మా ఆవిడ ఒక్కతే. అదీ, అడిగితే కళ్ళు తిప్పేస్తోంది.”

“తోర్దిస్! నవ్వుతున్నావా?”

“లేదు. కేకు ముక్క అడ్డం పడింది.”

“అసలు జాబితాలో చివరి చోటు ఎవరికిస్తారు సిగ్వాల్? గెలవని వాళ్ళకి! ఏటా సంతలో పార్టీ బల్ల దగ్గర చేపల సూపు కాచి పోస్తుందని మర్యాదకి వేశావు. మా నాన్న పేరూ అలాగే వేసేవారు. చచ్చేదాకా చివరి పేరు ఆయనదే. ఏనాడన్నా గెలిచాడా?”

“నిన్నడిగితే ‘వేసుకో, పోయేదేముంది’ అన్నావు.”

“అన్నాను! నా నోటికి తాళం వెయ్యాల్సింది. తోర్దిస్, వద్దని చెప్పెయ్. వీడెళ్తాడు.”

“వద్దనొచ్చా సిగ్వాల్ గారూ?”

“అదేనండీ ఇబ్బంది. వద్దనడానికి లేదు. పేరు వేసుకున్నాక గెలిస్తే వెళ్ళాలి, నాలుగేళ్ళు. సైన్యంలోకి రమ్మన్నట్టే.”

“అస్సలు లేదా?”

“అస్సలు లేదు.”

“మొగుడు వద్దంటే?”

“మొగుడి మాట చట్టంలో ఎక్కడా లేదండీ.”

“అదేం ప్రశ్న తోర్దిస్? వద్దంటున్నది నువ్వు, నేను కాదు.”

“అవునవును. నేనే.”

“పక్క నియోజకవర్గంలోకి మకాం మార్చేస్తే? మా బాబాయి ఇల్లు ఖాళీగానే ఉంది.”

“ఎన్నికల నాటికి ఎక్కడున్నారో అదే లెక్క ఆస్లాక్. ఇప్పుడు ఎక్కడికి మారినా వదలరు.”

“ఇదుగో, మేడ మీద మంచంలోంచి అమ్మ కర్రతో నేల కొడుతోంది. వెళ్ళు తోర్దిస్.”

“ఇప్పుడే కదా ఎక్కి దిగాను.”

“కొడుతోందిగా మరి! వెళ్ళు... చూశావా సిగ్వాల్? ఇది వెళ్ళిపోతే ఆ మెట్లు ఎవరెక్కాలి? గొర్రెలెవరు చూడాలి? నేను పడవ మీద ఉండాలా, పొయ్యి దగ్గర ఉండాలా? ఇరుక్కుపోయానురా.”

“నేను ఇరుక్కోలేదా? చివరి పేరు చేతిలో ఓడిపోయిన మొదటి పేరుని. రేవులో అందరూ చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.”

“ఏదో ఒక దారి ఉండకపోదు. ఆలోచించు.”

“ఒకటుంది. ఒంట్లో బాగోలేదని డాక్టర్ చెబితే వదిలేస్తారు. అదొక్కటే.”

“ముందే చెప్పవేంరా!”

“అబద్ధం కదా అని.”

“ఏం అబద్ధం? దానికి నడుము నొప్పి. తోర్దిస్, దిగావా? రా, కూర్చో. దారి దొరికింది.”

“ఏం దారి?”

“నీకు నడుము నొప్పి.”

“ఆ మాట నేను చెబుతూనే ఉన్నాను. నీకే వినపడలేదు.”

“ఇప్పుడు వినపడింది. పద, డాక్టర్ బ్రాగే దగ్గరికి వెళ్దాం.”

“మా చెల్లెలి పెళ్ళికి రాజధాని వెళ్తానంటే గొర్రెలు ఈనుతున్నాయన్నావు.”

“ఇప్పుడు అదెందుకు?”

“బడి వంటింట్లో పనిస్తామంటే, అమ్మ లేచి తిరగనీ చూద్దాం అన్నావు.”

“చూద్దాం అన్నాను, వద్దన్నానా?”

“నాకు ఊపిరాడటం లేదు ఆస్లాక్. ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. ఎన్నిసార్లు చెప్పాను?”

“కిటికీ తీస్తే పోతుంది.”

“నేను కాసేపు బయట నిలబడతాను...”

“కూర్చో సిగ్వాల్! నువ్వే సాక్షివి. తోర్దిస్, చెప్పులేసుకో. బ్రాగే మనవాడే. నాతో పాటు చేపలు పట్టేవాడు. నేనొక్క మాట అంటే చాలు, నువ్వు నిలబడలేవని చెప్పేస్తాడు.”

“చెప్పడు.”

“ఎందుకు చెప్పడు? నేనడుగుతానుగా.”

“నేను ముందే అడిగాను.”

“ఏమని?”

“టిక్కు పెట్టమని. వేసవంతా గుడ్లమ్మే వంకతో పడమటి ఒడ్డున ప్రతి గడపా ఎక్కాను ఆస్లాక్. సీటొస్తుందో రాదో తెలీదు, ఆశ పడ్డానంతే. మొట్టమొదట ఎక్కింది బ్రాగే గారి గడపే. ఎందుకని ఆయన అడగలేదు. ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.”