నాకు తెరవడం రాని బీరువా

అబ్బే, మళ్ళీ తాళంచెవిదే చూపిస్తున్నారేమిటండీ! లోపలికొచ్చి అరగంటయింది, తాళంచెవి లేనిది కావాలని గుమ్మంలోనే చెప్పాను కదా. రంగు బాగుంది, పిడి బాగుంది, నేను కాదన్నానా? కానీ తాళంచెవి అన్న మాట ప్రస్తుతం మా ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తానంటే ఆ పూట నాకు భోజనం ఉండదు.

ఆఁ, తుపాకికే. కంగారు పడకండి, ఆటల తుపాకి. కాగితం మీద గుండ్రాలు గీసి కొడతారే, అది. లైసెన్సు నాది కాదు, మా ఆవిడది. నవ్వొస్తే నవ్వండి, నాకలవాటే.

ఇప్పుడున్న బీరువాకేం, నిక్షేపంలా ఉంది. మూడు మిల్లీమీటర్ల రేకు. నాలుగు బోల్టులు లోపల్నుంచి గోడలోకి దిగ్గొట్టించాం, అదీ గట్టి ఇటుక గోడలోకి. తూటాలకి లోపల వేరే అర, దానికి వేరే తాళం. తుపాకీ తూటాలూ పక్కపక్కనే ఉండాలి గానీ ఒకదాని మొహం ఒకటి చూడకూడదట. ఈ పది రోజుల్నుంచీ మేమిద్దరం ఎలా ఉన్నామో, అచ్చం అలాగన్నమాట.

లైసెన్సు తనిఖీకి వచ్చినాయన దాన్ని కుదిపాడు, తట్టాడు, తలుపు సందులో స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తి చూశాడు. కదిలితేనా! కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. బీరువా పాసయిందండీ. ఫెయిలయింది నేను.

ఎలాగంటారా? కాస్త ఆ కుర్చీ ఇలా జరపండి, చెబుతాను.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. అప్పుడు కుట్టుగదిలో ఎవరికో కోటు కొలతలు తీస్తోంది. తనిఖీ ఆయన హాల్లో నా ఎదురుగా కూర్చుని, పనైపోయిందన్నట్టు కలానికి మూత పెడుతూ, ఏదో లోకాభిరామాయణంలా అడిగాడు. "తాళంచెవి ఎక్కడ పెడతారు సార్?" అని.

"గుండీల డబ్బాలోనండీ" అన్నాను. "అదిగో, ఆ మూల కుట్టుమిషను కింద సొరుగులో నీలం మూత డబ్బా, కోటు గుండీల అడుగున." అక్కడితో ఆగానా? "ఉండండి చూపిస్తాను" అని లేచెళ్ళి, తెచ్చి ఆయన చేతిలో పెట్టాను!

ఆయన కలం మూత మళ్ళీ తీశాడు.

రూలేమిటంటే, లైసెన్సు ఎవరిదో వాళ్ళకి తప్ప ఇంకో మనిషికి తాళం జాడ తెలియకూడదట. కట్టుకున్న మొగుడికైనా సరే. ఇదెక్కడి పరీక్షండీ? సరైన జవాబుకి సున్నా. "తెలీదు" అని బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే నూటికి నూరు!

గంట తిరక్కుండా తుపాకి, ఆవిడ సాధన చేసే క్లబ్బు వాళ్ళ స్ట్రాంగ్ రూముకి పోయింది. లైసెన్సు ఆపేశారు. ఆవిడొక్కదానికే తెరవడం వచ్చే బీరువా పెట్టి చూపిస్తే తిరిగిస్తారట. గురువారం మళ్ళీ తనిఖీ. శనివారం ఆవిడ ఫైనల్ పోటీలకి రైలెక్కాలి. మొత్తం ఎనిమిది మందిని తీసుకుంటే అందులో ఆవిడొకతి. యాభై రెండేళ్ళ మనిషి, మిగతా ఏడుగురికీ తల్లి వయసు. ఈ గురువారం తప్పిందంటే ఇంక ఈ జన్మకి లేనట్టే.

ఏం తిట్టిందంటారా? తిడితే బాగుండును. ఇవాళ పొద్దున నేను బీరువా చూసొస్తానంటే ఒక్క మాటంది. "ఏదైనా కొనండి. మీకు తెరవడం రాకూడదు." అంతే.

వేలిముద్రదా? వద్దండీ బాబూ, దాని ముచ్చటా తీరింది. మొన్న పక్క వీధి షాపులో ఇద్దరం చూశాం. ముప్పై ఏళ్ళు సూదులు గుచ్చుకుని ఆవిడ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పెడితే ఎర్రలైటు. చూపుడువేలు, ఎర్రలైటు. పదివేళ్ళూ అయ్యాయి. యంత్రం పాడైందేమోనని ఆ షాపతను నా వేలు పెట్టమన్నాడు. ఒక్కసారికే పట్టేసి పచ్చలైటు వెలిగించిందండీ, దాని మొహం మండ! ఆవిడ నా వంక ఓ చూపు చూసి మెట్లు దిగిపోయింది.

నంబరుది చూపించండి. బొత్తాలా? బొత్తాలొద్దు. నెలపోయాక ఏవి నొక్కుతున్నారో అరుగుదలే చెబుతుంది. చక్రం తిప్పేది... ఆఁ, ఇది. ఎత్తు చాలుతుందా? నాలుగడుగుల తుపాకి, నిలబెడితే గొట్టం పైఅరకి తగలకూడదు. అడుగున మెత్త ఉందా? ఉంది. బాగుంది.

ఏమిటలా చూస్తారు? అంత తెలిసినవాడివి, నోరు కట్టుకోలేకపోయావా అనేగా?

నేను బస్టాండులో పనిచేశానండీ, విచారణ కౌంటర్లో, ముప్పై ఏళ్ళు. ఏ బస్సు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం, మంచినీళ్ళెటు, బస్సులో మర్చిపోయిన గొడుగెక్కడ. ఆ కన్నంలో మొహం కనబడితే చాలు, జవాబు నోట్లోంచి దానంతటదే వచ్చేది. "తెలీదు" అని ఒక్కనాడూ అన్లేదు. ఆయన అడగ్గానే ఆ అలవాటు కొద్దీ చెప్పేశానన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదులే అని క్లబ్బులో అందరూ నవ్వారు. తనిఖీ ఆయన కూడా కొంచెం నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు.

మీకో సంగతి చెప్పనా? ఆవిడ ఆ క్లబ్బు గడప తొక్కింది నా మూలానే. మా బస్సుల వాళ్ళకి అందులో సభ్యత్వం ఉండేది. పదకొండేళ్ళు కాల్చాను నేను. పదకొండేళ్ళకీ కలిపి ఓ ఓదార్పు బహుమతి, ఫ్లాస్కు. అదీ కారుతుంది.

ఓరోజు కళ్ళజోడు మర్చిపోతే తెచ్చిచ్చింది. అక్కడి మాస్టారు, "మీరూ ఓ పది కొట్టి చూడండమ్మా" అన్నారు సరదాకి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడుతుంది చూడండి, అలా బిగబట్టి కొట్టింది. పదీ కలిపి నా అరచేతికింద దాగిపోయాయి. మాస్టారు ఆ కాగితం ఊడదీసి అందరికీ చూపించుకొచ్చారు. నాకు రెండుసార్లు చూపించారు.

ఆ తర్వాత నా తుపాకి నేను అమ్మేశాను. కళ్ళు ఆనడంలేదన్నాను. ఇప్పుడు నా పనేమిటంటారా? సంచి మొయ్యడం. పేరు కూడా పోయిందండీ నాకు అక్కడ, "మేడంగారి ఆయన" అంటారు. ఆమధ్య పేపర్లో ఫొటో వేశారు, చూసే ఉంటారు. ఆవిడ మెడలో పతకం, పక్కన సంచి పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి నాదే.

పోనీలెండి, ఆ మాటెందుకు.

తాళంచెవి జాడ నాకెలా తెలిసిందా? అదే, చొక్కా గుండీ ఊడితే, డబ్బాలో వెతుకుతుంటే...

తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాట్ట! నా బస్టాండు కథా, గుండీ కథా ఆ బాపతే. మీరెలాగూ మా ఇంటికొచ్చేవారు కాదు, చెప్పేస్తున్నాను. గుండీ ఊడలేదు. నేనే తెంపుకున్నాను. అంతకుముందు మూడు రోజులు ఇల్లంతా వెతికాను. ఆవిడ అంగడికెళ్ళినప్పుడు, స్నానానికెళ్ళినప్పుడు. దొరికాక తెరిచానా? లేదండీ, ఒట్టు. బీరువా జోలికే పోలేదు. మా ఇంట్లో నాకు తెలియంది ఒకటుందన్నదే నాకు సహించలేదు.

ముందురోజు ఆవిడ అంది కూడా. "ఆయన మిమ్మల్ని కూడా అడుగుతారుట. తెలీదని చెప్పండి చాలు, నిజంగానే మీకు తెలీదుగా" అని. అప్పటికి నాకు తెలిసి నాలుగు రోజులు.

ఆయన అడిగినప్పుడు జవాబు దానంతటదేం రాలేదండీ. ఆలోచించాను. కలానికి మూత పెట్టేంతసేపే, కానీ ఆలోచించాను. కుట్టుగదిలోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది. "నేను పోటీలకి పోతున్నానండీ, తిరిగొచ్చాక కోటు ఇస్తాను" అంటోంది ఎవరితోనో. ఎంత సంబరమో ఆ గొంతులో! ఆ సంబరం నేనెప్పుడూ వినలేదు. నాతో ఇన్నేళ్ళు కాపురం చేసి ఎన్ని చెప్పింది, అలా ఒక్కటీ చెప్పలేదు. చెప్పేశాను. తాళంచెవి తెచ్చి మరీ ఇచ్చాను.

తుపాకి తీసుకెళ్ళిన బండి వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది.

లోపలికొస్తే ఆవిడ మిషను తొక్కుతోంది. దగ్గరికెళ్ళి చూశాను, సూదిలో దారం లేదు. గుడ్డ మీద వరసగా చిల్లులు పడుతున్నాయి, తిన్నగా, గీత గీసినట్టు. తొక్కుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ కంచం ముందు నేనొక్కణ్ణే కూర్చున్నాను. నేను చేసిన పని నాకప్పుడు తెలిసింది.

ఆవిడకి తెలుసా అంటారా? ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం, తెలీకుండా ఉంటుందా! అడగదు. అడిగితే నేను చెబుతానేమోనని భయం.

సరే, ఈ చక్రందే ఖాయం చెయ్యండి. బుధవారం మీ వాళ్ళనొచ్చి గోడకి బిగించమనండి. నంబరు ఫ్యాక్టరీవాళ్ళే కవర్లో పెట్టి సీలు వేసిస్తారన్నారు కదా, ఆ కవరు ఇటివ్వకండి. మీ కొట్లోనే ఉంచండి. ఆవిడే వచ్చి సంతకం పెట్టి తీసుకుంటుంది. తీసుకోగానే ఆవిడకి నచ్చిన నంబరు మార్చుకోవడం కూడా నేర్పండి. పెళ్ళిరోజూ, పుట్టినరోజూ పెట్టొద్దని చెప్పండి, అవన్నీ నాకు కంఠతా వచ్చు.

నేను మళ్ళీ వస్తాను, చూడండి. ఆవిడ పంపిందంటాను, కాగితం పోయిందంటాను, నంబరెలా మార్చాలో మరిచిపోయిందంటాను. మంచివాడిలాగే మాట్లాడతాను, మీకు జాలేస్తుంది కూడా. ఒక్క ముక్క చెప్పకండి.

ఈసారి ఎవరడిగినా తెలీదంటే సరిపోయె అంటారా? ఆ మాట నా నోట పలకదు బాబూ, ఈ వయసులో నేర్చుకోలేను. నిజంగానే నాకు తెలియకుండా చూడండి. తెలిసిందంటే, ఆవిడని వెళ్ళనివ్వనండీ.