మూడో చరణానికి గాలి లేదు

ఏదీ, ఆ పుస్తకం ఇటివ్వు చూద్దాం. ఉండు, అద్దాలు పెట్టుకోనీ. ఆ, ఇది నా రాతేనమ్మా. "కోత పాట, మూడో చరణం, చేతులు ఎత్తు." పెన్సిలు గీత వెలిసిపోయింది గానీ చెరపకు. మీ పాస్టరు గారిని అడిగితే ఏమన్నారు, ఎప్పటినుంచో ఆనవాయితీ అన్నారా? ఆయనకేం తెలుసు పాపం, వచ్చి రెండేళ్లు కాలేదు. నువ్వేమో ఆర్గను ముందు కూర్చుని రెండు నెలలు. ఇంకో రెండు వారాల్లో కోత ఆరాధన పెట్టుకున్నారు. అడగాల్సిన మాటే అడిగావు. కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ బల్ల మీద కూర్చో. గుడ్డలు పక్కకి నెట్టెయ్. గుండుసూదులుంటాయి, చూసుకుని.

దర్జీవాడికి ఆర్గను ఎలా వచ్చిందని ఊళ్లో అందరికీ వింతే. పగలంతా మిషను తొక్కేవాడిని కదా, మా పాత పాస్టరు గారు ఓసారి లాగు కుట్టించుకోడానికొచ్చి నా కాళ్లకేసే చూస్తూ నిలబడ్డారు. లాగు సంగతి మర్చిపోయి, "ఏమయ్యా, నీ కాళ్లకి తాళం తెలుసు, చేతుల సంగతి నేను చూసుకుంటా, వస్తావా?" అన్నారు. అలా వెళ్లాను, ముప్పయ్యేళ్ల వయసులో. మా ఆవిడ "చొక్కా చేతులు సరిగ్గా కుట్టడం నేర్చుకోండి ముందు" అంది. ఆవిడ మాటలకేం గానీ, ఇంతకీ ఆర్గను నేను వాయించానని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మీటలు నొక్కింది నేను. పలికించింది కమ్మరి మామ.

అప్పట్లో మోటారు లేదమ్మా. ఆర్గను వెనక గది చూశావుగా, ఇప్పుడు చీపుళ్లూ విరిగిన బల్లలూ పడేసి ఉంచారు, అందులో ఉండేది తిత్తి. మంచమంత తోలు తిత్తి. దాన్నుంచి ఇంత పొడుగు కర్ర మీట బయటికొచ్చి ఉండేది. దాన్ని పైకీ కిందకీ కొడుతుంటేనే గొట్టాల్లోకి గాలి. దారానికి ఒక సీసపు గుండు వేలాడేది, గాలి నిండితే ఒకవైపు, తగ్గితే ఇంకోవైపు జరుగుతుంది. వేరేవాళ్లు కొడితే కళ్లు దానిమీదే పెట్టుకుని కొట్టాలి, లేకపోతే పాట మధ్యలో ఆర్గను ఆవులిస్తుంది. కమ్మరి మామ ఆ గుండు వంక చూడగా నేను చూళ్లేదు. కొలిమి దగ్గర ఎడం చేత్తో తిత్తి, కుడి చేత్తో పటకారు, నలభయ్యేళ్ల పని. నేను పెద్ద స్వరం ఎత్తబోతున్నానంటే గోడ అవతలున్న మనిషికి ఎలా తెలిసేదో, అంతకు ఒక్క క్షణం ముందే గాలి బలంగా వచ్చేది. అడిగితే, "నువ్వు ఊపిరి పీలుస్తావు కదా అల్లుడూ, వినపడుతుంది" అనేవాడు. నేను మామా అనేవాణ్ని, ఆయన అల్లుడూ అనేవాడు, చుట్టరికం ఏమీ లేదులే. ఊళ్లో కుర్రకారు మాత్రం వెనకాల గాలిదొర అని పిలిచి నవ్వుకునేవాళ్లు. ఆయనకి తెలుసు. పట్టించుకునే రకం కాదు.

ఆయనకో కూతురు. పెళ్లయిన పద్నాలుగేళ్లకి పుట్టింది, ఒక్కతే. ఏడేళ్ల పిల్ల, నోరు మూతపడేది కాదు. కొలిమి బయట గుర్రాలు కట్టే గుంజ దగ్గర కూర్చుని దారినపోయే ప్రతివాణ్నీ "ఎక్కడికి? ఎందుకు? ఎప్పుడొస్తావ్?" అని అడిగి, జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. నన్నయితే "నీ జేబులో ఎప్పుడూ దారాలేనా?" అని అడిగేది. ఆ ఏడు వానలు వెనకబట్టి ఆకులు రాలడం మొదలైన రోజుల్లో జ్వరం వచ్చింది. ఆరు రోజులు. డాక్టరు రోజూ వచ్చాడు, పాస్టరు రోజూ వచ్చారు, సంఘం ఆడవాళ్లు వంతులేసుకుని పక్కన కూర్చున్నారు. ఏడో రోజు పొద్దున్న కొలిమిలో సమ్మెట చప్పుడు వినపడితే, అమ్మయ్య, పిల్లకి తగ్గిందన్నమాట అనుకుని సంబరంగా వెళ్లాను. పిల్ల పెట్టెకి మేకులు సాగగొడుతున్నాడు. వడ్రంగి ఎనిమిది చాలన్నాడట. ఈయన ముప్పయ్యో నలభయ్యో కొట్టి కుప్ప పోశాడు, ఇంకా కొడుతూనే ఉన్నాడు. గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది నాకు.

అది జరిగిన మూడు వారాలకి కోత ఆరాధన. అప్పటి కోత ఆరాధన అంటే ఇప్పటిలా రెండు పూలకుండీలు పెట్టి అయిందనిపించేది కాదు. బలిపీఠం మెట్ల నిండా ధాన్యపు మోపులు, గుమ్మడికాయలు, జడలల్లిన ఉల్లిపాయలు. పొలం లేనివాళ్లు చేతిపని తెచ్చి పెట్టాలి. వడ్రంగి ఒక పీట, నేనొక చొక్కా, కమ్మరి మామ ఏటా ఒక కొత్త కొడవలి. గుళ్లోకి అడుగు పెడితే పొలమూ అంగడీ కలిసి వాసనొచ్చేవి. ఆ ఏడు కొడవలి వస్తుందా, అసలు మనిషి వస్తాడా అని నేను మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. వచ్చాడు. కొడవలి మెట్టు మీద పెట్టాడు, ఎవరివంకా చూడకుండా వెనక గదిలోకి వెళ్లాడు. మొదటి చరణం వానకి స్తోత్రం. రెండోది పొలానికి. గాలి ఎప్పటిలాగే నిండుగా ఉంది. మూడోది ఏమిటో నీకు తెలుసుగా. "మా ఇంట బిడ్డల కాచినావు, నీడగ నిలిచినావు." అందులో మొదటి మాట దగ్గరే గాలి పోయింది. గొట్టాలన్నీ తల్లిని వెతికే దూడల్లా అరిచి ఊరుకున్నాయి. చెక్క మీద తట్టాను. మళ్లీ తట్టాను. ఉలుకూ పలుకూ లేదు. జనం ఒకళ్లనొకళ్లు చూసుకుంటూనే పాడేశారు, ఆర్గను లేకుండా, తడబడుతూ. నాలుగో చరణం మొదలెట్టారో లేదో, గాలి ఎప్పటిలా వచ్చేసింది.

ఆరాధన అవగానే మిల్లు పెద్ద, అదే, పిండిమిల్లు ఆయన, సంఘంలో పెద్ద, కండువా సర్దుకుంటూ వచ్చేశాడు. "తిత్తి చిరిగిందా ఏం?" అన్నాడు. వెనకాలే పాస్టరు గారు. మామ చొక్కా చేతులు కిందకి దింపుకుంటూ, చాలా నెమ్మదిగా చెప్పాడు. "చిరగలేదండీ. వాన పడింది, ఆ చరణం నిజం. పంట వచ్చింది, అదీ నిజం. మూడోది నాకు అబద్ధం. అబద్ధానికి నేను గాలి కొట్టలేను." మిల్లు పెద్ద మొహం కందగడ్డయింది. "గుళ్లో నిలబడి దేవుడు అబద్ధమాడాడంటావా" అని అందుకోబోయాడు. పాస్టరు గారు చెయ్యి అడ్డుపెట్టారు. అన్నది ఒక్కటే, "వచ్చే ఆదివారం వస్తావా?" "వస్తానండీ, నాకు దేవుడితో మాటల్లేవు గానీ పనుంది కదా" అన్నాడు. అంతే.

ఒక్క ఏడు కాదు తల్లీ, పంతొమ్మిదేళ్లు. ప్రతి కోత ఆరాధనలో మూడో చరణానికి గాలి ఆగేది, నాలుగోదానికి వచ్చేది. కోపం చల్లారుతుందిలే అన్నారు, చల్లారలేదు. కోపమని కూడా అనలేను, కోపమున్న మనిషి ఒక్క ఆదివారమైనా మానడూ? చలికి తలుపు తియ్యలేని రోజున కూడా నాకంటే ముందొచ్చేవాడు. ఇంకో విచిత్రం విను. మా అత్త, అంటే ఆయన భార్య, మూడో బల్లలో కూర్చునేది. ఆవిడ ఆ చరణం పాడేది. మామూలుగా కాదు, గొంతెత్తి. ఒకసారి రవిక కుట్టించుకోడానికొస్తే ఉండబట్టలేక అడిగేశాను, నీకు బాధగా లేదా అత్తా, ఆయన ఆపితే నువ్వు పాడతావేమిటని. "ఆయన అలక ఆయనది, నా పాట నాది. ఇంట్లో ఒకళ్లు దేవుణ్ని అడగాలి, ఒకళ్లు దేవుణ్ని వదలకుండా పట్టుకోవాలి" అంది. చంక దగ్గర బిగువైందని నా కుట్టుకి వంక కూడా పెట్టింది, ఆ నోటితోనే.

తర్వాత పాత పాస్టరు గారు పోయారు. కుర్ర పాస్టరు వచ్చాడు. మంచివాడేనమ్మా, తప్పు పట్టను, అన్నీ బాగుచెయ్యాలని ఆరాటం. కిటికీలు బాగుచేశాడు, పైకప్పు బాగుచేశాడు, ఆఖరికి ఆర్గనుకి కరెంటు మోటారు పెట్టించాడు. సరిగ్గా కోత ఆరాధనకి ముందు వారం. మామని పిలిచి, భుజం మీద చెయ్యేసి, "ఇన్నేళ్లు కష్టపడ్డారు, ఇక హాయిగా కూర్చుని ఆరాధించుకోండి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మామ ఆ కర్ర మీటని అరచేత్తో ఒకసారి తుడిచాడు. తుడిచి, "ఎక్కడ కూర్చోమంటారండీ?" అన్నాడు. నాకప్పుడు తట్టింది, ఆ మనిషికి గుళ్లో ఒక చోటంటూ లేదు. ముప్పయ్యేళ్లకి పైగా గోడ వెనకే ఉన్నాడు. ఆయన వెళ్లాక పాస్టరు నాకేసి తిరిగి, "ఈసారి మూడో చరణం ఆగదు కదండీ, మీ చేతుల్లోనే ఉంది" అన్నాడు. నేనంత ధైర్యస్థుణ్ని కాదు, అబద్ధమెందుకు. సరేనండీ అనేశాను.

ఆ ఆదివారం మామ మా అత్త పక్కన, మూడో బల్లలో. నల్లకోటు నేను కుట్టిందే, ఎప్పుడో ఎవరిదో పెళ్లికి. జనమంతా ఆయన వీపే చూస్తున్నారు. నాకు ఆర్గను మీద అద్దం ఉంటుంది కదా, వెనక జరిగేది కనపడటానికి, అందులో ఆయన మొహం కనపడుతోంది. మోటారు గుయ్యిమంటోంది. పాట ఎత్తుకున్నాం. మొదటి చరణంలో చూద్దును కదా, ఆయన ఎడం చెయ్యి మోకాలి మీద పైకీ కిందకీ ఆడుతోంది. తనకి తెలియకుండానే కొడుతున్నాడు. సరిగ్గా తాళానికి. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ చెయ్యి బలంగా దిగుతోంది. రెండో చరణం. చెయ్యి ఆడుతోంది. రెండోది అయిపోయింది. చెయ్యి ఆగింది.

నేను ఎత్తాలని ఎత్తలేదమ్మా. ఒట్టేసి చెప్తున్నా, పాస్టరు మాట మనసులో ఉంది, వాయించాలనే అనుకున్నా. ఆ చెయ్యి ఆగితే నా చేతులు ఎత్తుకుపోయాయి. అంతకన్నా ఆశ్చర్యం, జనం పాడలేదు. పంతొమ్మిదేళ్లు ఆర్గను లేకుండా పాడినవాళ్లు. గోడ వెనక ఉన్నన్నాళ్లూ ఆయన మాకొక మొండి మనిషి, అంతే. ఇప్పుడు ఆ వీపు కళ్ల ముందు ఉంది. ఆ వీపు వెనక కూర్చుని మా బిడ్డల్ని కాచావని ఎవరు పాడతారు? మిల్లు పెద్ద పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకోవడం అద్దంలో నా కళ్లారా చూశాను. అంత గుడిలో ఒక్కతే పాడింది, మా అత్త. ముసలి గొంతు, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట మింగకుండా. పక్కన మొగుడు పెదవి బిగించుకుని కూర్చున్నాడు, ఆవిడ చేతిని మాత్రం పట్టుకున్నాడు. దేవుడు అక్కడున్నాడని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎవరి పక్కన కూర్చున్నాడో మటుకు చెప్పలేను.

ఆవిడ పాట అయ్యేసరికి మోటారు రొద ఒక్కటే మిగిలింది. జోరీగలా, ఆపులేకుండా. ఆ కుర్ర పాస్టరు వేదిక దిగాడు. నా పని అయిపోయింది అనుకున్నా. నా దాకా రాలేదు, గోడ దగ్గరికెళ్లి స్విచ్చి ఆపేశాడు. ఆపి, అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు కమ్మరి మామ లేచాడు. బూట్లు టకటకలాడించుకుంటూ నా పక్కనుంచే వెనక గదిలోకి వెళ్లాడు. తోలు కిర్రుమంది. వాడక వారమైనా ఎండలేదు. నేను ఊపిరి పీల్చాను, స్వరం ఎత్తడానికి ఒక్క క్షణం ముందే గాలి వచ్చింది. నాలుగో చరణం ఇంటి కప్పుకి కదా. అలాంటి పాట నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఆ తర్వాత మామూలు ఆదివారాలకి మోటారు, కోత ఆరాధనకి మామ. పాస్టరే ఒప్పుకున్నాడు. ఆరేళ్లు అలాగే సాగింది, మూడో చరణం మా అత్త ఒక్కతే పాడేది. ఏడో ఏడు, ఆకులు రాలకముందే ఆయన పోయాడు. పెట్టెకి మేకులు ఇంట్లోనే ఉన్నాయి, ఆనాటి కుప్పలోవి. ఆ ఏడు కోత ఆరాధనకి నేను చేతులు ఎత్తి అత్త గొంతు కోసం చూస్తున్నా. రాలేదు. అద్దంలో చూస్తే పెదవి బిగించుకుని కూర్చుంది, అచ్చం ఆయనలా. ఆయన లేడు కదా మరి, ఆయన వంతు అడగడం ఎవరు చెయ్యాలి? తర్వాత అడిగితే ఆవిడ చెప్పిందీ అదే. కానీ అప్పుడు నాకదేం తెలుసు. గుడి నిండా జనం, ఒక్క గొంతు లేదు. ఆ చరణం అలా ఖాళీగా పోతోంది.

నాకు పాడటం రాదమ్మా. వాయించేవాణ్నే గానీ జన్మలో పాడలేదు. నలుగురు పిల్లలు నాకు. నలుగురికీ జ్వరాలొచ్చాయి, ఆ ఏడు ఆ పిల్లకొచ్చిన జ్వరమే నా పెద్దదానికీ వచ్చింది. నలుగురూ బతికారు. ఎందుకు బతికారో నాకు తెలీదు. నేను మామ కంటే మంచివాణ్నేం కాదు. లేచి నిలబడి, ఆవిడకేసి తిరిగి ఆ చరణం పాడాను. నిజం కదా నాకు. నాకు మటుకు నిజమే కదా...

ఏం లేదులే. ఆ మంచినీళ్లు ఇలా అందుకో. నువ్వు బయల్దేరు, మీవాళ్లు ఎదురుచూస్తుంటారు.