వదినె చేతి బొట్టు

"బాపమ్మా, నీకు బాగ నచ్చిన భక్తి సినిమలేంటియి? చెప్పు, ఫోన్ల రికార్డు చేసుకుంట."

ఆ... చెప్త తియ్యి. చెప్పకేం జేస్త. గని ఒక్క మాట అడుగుత, ముందు ఎవలింటికి పోయొచ్చినవ్? అబద్ధమాడకు బిడ్డా, నీ చేతిలున్న సర్వపిండి ముక్క నాకు కనవడుతలేదా? పల్లీలు గంత దగ్గర దగ్గర ఒత్తేది ఈ క్వార్టర్ల లైన్ల మీ పెద్ద బాపమ్మ ఒక్కతే. ముందు ఆమెనడిగినవ్. ఆమె చెప్పంగ ఏమన్న మిగిలితే ఈ ముసల్దాన్ని అడుగుదామని వచ్చినవ్. కాలేజీల రాసియ్యాల్నా? రాసియ్యి, మంచిదే. రాసేటప్పుడు ఎవల పేరు ముందు రాస్తవ్? నవ్వకు. నేనేం నవ్వులకు అడుగుతలేను.

సినిమల సంగతి ఆమెకేం ఎరుక? హాల్ల కూసుంటె నిద్రపోతుండె. పేర్లు వడంగనే నా భుజం మీద తలకాయ పెడుతుండె. సినిమ పిచ్చంటె నాది. రామకృష్ణాపూర్ల పుట్టినదాన్ని నేను, మా నాయినది సుత బాయి పనే. బాయంటె నీళ్ళ బాయి కాదు, బొగ్గు బాయి, మీ సార్లకు తెల్వకపోతే చెప్పు. మా నాయిన వారానికోసారి మమ్మల్ని సినిమకు పట్కపోతుండె. తిండికి లేకున్నా సరే, సినిమకు మాత్రం పోవాలె.

పేర్లడుగకు. మాకు పేర్లెక్కడియి? "అమ్మోరి సినిమ", "పాము కాపలా సినిమ", గిట్లనే అంటుంటిమి. గుడ్డి దీపాలాయన సినిమ అని ఒకటుండె, అబ్బ, అది నా పానం. ఆయినెకు కండ్లు కనవడయి, గని రోజు సాయంత్రం గుళ్ళె దీపం పెడుతడు. ఊళ్ళె పెద్దమనుషులు నవ్వుతరు, నీకే కనవడది, దీపమెవలికి రా అని. గాయినె ఏమంటడు, చూసేటి సామికి నేను కనవడాలె గదా అంటడు. ఇగ చూడు, నేను కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంటి. ఈడ మన పక్క క్వార్టర్ల బీబమ్మ ఉండె గదా, తుర్కోళ్ళామె, మాతోని అన్ని సినిమలకు వచ్చేది, ఆమె సుత ఏడ్సేది. దేవుడెవలైతేంది, ఏడ్పొస్తె ఏడ్వాలె అనేది. టికెట్ పైసలా? గా పైసలకు ఇప్పుడు నువ్వు తినే చాక్లెట్ గూడ రాదు పో.

ఏం చెప్తున్న... ఆ, అమ్మోరి సినిమ. నేను ఈ ఖని ఊరికి కోడలై వచ్చి ఏడాది గాలే. మా అత్తకు ఇద్దరు కొడుకులు, పెద్దాయన పెండ్లాం మీ పెద్ద బాపమ్మ, చిన్నాయన పెండ్లాన్ని నేను. నాకు యారాలు, మీ తాతకు వదినె. అన్నదమ్ములిద్దరిది ఒక్కటే బాయి. రెండు క్వార్టర్ల నడుమ ఒక్కటే గోడ, ఇప్పటి లెక్కనే. వాళ్ళింట్ల దగ్గితే మా ఇంట్ల ఇనవడేది.

మీ తాతకు అప్పుడే కొత్తగ నౌకరి దొరికింది. దొరికిన కాడి నుంచి అన్నం తింటలేడు. పెట్టింది పెట్టినట్టే ఉంటుండె, టిఫిన్ గిన్నె సుత సగం సగమే వాపస్ వచ్చేది. నేనేమనుకున్న? కొత్త పెండ్లాన్ని, నా వంట బాగలేదనుకున్న. వంకాయ వండిన, బెండకాయ వండిన, మా అవ్వనడిగి పచ్చిపులుసు చేసిన, చింతచిగురు కోసం గోదావరి ఒడ్డు దాక పోయొచ్చిన. ఏందయ్యా, ఏమైతుంది అని అడిగిన. ఏం లేదే అన్నడు. ఎన్నిసార్లడిగినా ఏం లేదే అన్నడు.

గప్పుడు పడ్డది బజార్ల హాలుకు అమ్మోరి సినిమ. మందికి మంది పోతుండ్రు. హాలు కాదు బిడ్డా, గుడే అది. చెప్పులు గేటు బయటనే ఇడ్సేది. తెర రెండు దిక్కుల యాపమండలు కట్టిండ్రు. సినిమ రీలు డబ్బ వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టిండ్రట. ఆఖర్ల అమ్మోరు రాంగనే ఆడోళ్ళు లేసి తెర ముంగట కర్పూరం ముట్టిస్తుండిరి, హాలోడు తెర అంటుకుంటదని మొత్తుకునేది, ఎవలిన్నరు? ఇప్పుడు నువ్వు చూస్తున్నయి సినిమలా? అమ్మోరు మబ్బులల్ల ఎగురుతది, మంటలు ఇడుస్తది, అంత కంప్యూటరే. ఎవల మీదికన్న వస్తదా? మందంత పేలాలు తినుకుంట కూసుంటరు.

నేనే అందర్ని ఎల్లదీసిన. మీ తాతను, బావను, మా అత్తను, ఈమెను. ఈమె రానన్నది, నిద్రొస్తదన్నది. నేనే చెయ్యి పట్టి గుంజుకపోయిన. గిది రాసుకో, నేనే గుంజుకపోయిన.

ఆఖరు సీన్ల డప్పులు మొదలైనయి. తెర మీద అమ్మోరు కండ్లు పెద్దగ చేసి చూస్తుంది. హాల్ల ఆడోళ్ళు అక్కడొకామె ఇక్కడొకామె ఊగుతుండ్రు. నేను రెండు చేతులు జోడించి, పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టక, ఒళ్ళంత కండ్లు చేసుకొని చూస్తున్న. నా భుజం మీద నిద్రపోతున్నామె ఒక్కపాలి లేసింది. కొప్పు ఊడిపోయింది. గుర్రున ఊపిరి తీసుకుంట, మందిని చీల్చుకుంట మొగోళ్ళు కూసున్న దిక్కు పోయింది. అందరు తొవ్విచ్చిండ్రు, ఎవలో చేతుల యాపమండ పెట్టిండ్రు. సక్కగ పోయి మీ తాత ముంగట నిలవడ్డది. "ఏమైతుంది బిడ్డా నీకు? నాకు చెప్పు" అన్నది.

మీ తాత కాళ్ళ మీద పడ్డడు. "బాయిల దిగాలంటె భయమైతుంది తల్లీ. నెత్తి మీద కూలేటి బొగ్గు కప్పు యాదికొస్తె ముద్ద మింగుడు పడుతలేదు" అని బోరున ఏడ్సిండు.

ఇన్నవా? నేనడిగితే ఏం లేదే అన్నడు. ఆమె అడిగితే ఏడ్సిండు. పెండ్లాన్ని నేను. చింతచిగురు తెచ్చింది నేను.

ఆమె కుంకుమ తీసి ఆయినె నొసలు నిండ పెట్టింది. నువ్వు దిగకముందు నేను దిగుత, పో అన్నది. హాలంత చేతులెత్తి మొక్కింది. మా అత్త మొక్కింది, మా బావ సొంత పెండ్లానికే మొక్కిండు. నేను మొక్కలే. నాకు చేతులు లేవలే. ఇంటికొచ్చినంక మీ తాత రెండుసార్లు పెట్టించుకొని తిన్నడు, నా చేతి కూరనే. గది సుత అమ్మోరి లెక్కలకే పోయింది.

ఇగ గప్పటి నుంచి డ్యూటీకి పోయే ప్రతిసారి గదే కత. తానం చేసి, టోపి పట్కొని, ఆమె గడప ముంగట నిలవడేది. ఆమె బొట్టు పెట్టేది. అప్పుడు పోయేది. టిఫిన్ గిన్నె నా చేతిది, బొట్టు ఆమె చేతిది. లైన్ల ఉన్న ఆడోళ్ళంత ఆమెనే అడుగుడు, మా ఆయిన ఏ షిఫ్టుకు మారితే మంచిది, మా పిల్లగానికి జరమెప్పుడు తగ్గుతది అని. ఆమె మామూలప్పుడు నాకేం ఎరుక అనేది. అన్నా ఇడువకపోదురు.

నాకు కడుపుల మండదా? నేను సుత మనిషినే గదా. శుక్రారం శుక్రారం ఒక్కపొద్దు పట్టిన. మల్ల గదే సినిమకు పోయిన, జుట్టు ఇరబోసుకొనే పోయిన. జర ఊగి చూసిన బిడ్డా, నేను మొదలు పెడితే అమ్మోరు అందుకుంటదేమోనని. అమ్మోరు రాలే, మెడ పట్టింది. బీబమ్మ మెడకు తైలం రాసుకుంట, క్యా రీ, తుజే క్యా హోనా అన్నది. ఏం కావాల్నో ఆమెకేం చెప్త? ఇంకోసారి జాగ మార్చిన. నేను పోయి ఆమె జాగల కూసున్న, ఆమెను నా జాగల కూసోవెట్టిన. అమ్మోరు సక్కగ నా జాగలకే వచ్చింది. ఆమె మీదికే. గింత అన్యాలముంటదా? నవ్వు, నవ్వు. నీకు నవ్వులాటనే.

గట్ల కొన్నేండ్లు నడ్సింది. తర్వాత మా బావకు కామెర్లు లేసినయి. పసరు తాగించిండ్రు, దవాఖానకు ఆలిశంగ పట్కపోయిండ్రు. పోయిండు. మంచి మనిషి, నన్ను ఒక్కనాడు పల్లెత్తు మాటన్లే.

ఇగ ఆమె సినిమలకు రాకుండైంది. అమ్మోరు రావుడు బందైంది. లైన్ల ఆడోళ్ళు సుత ఆ గడప తొక్కుడు బంద్ పెట్టిండ్రు. మొన్నటిదాక కాళ్ళు మొక్కినోళ్ళే, డ్యూటీ టైముకు ఆమె ఎదురొస్తదేమోనని తొంగి చూసి ఎల్లుతుండ్రు. ఇగ నేననుకున్న, మా ఆయిన ఇప్పుడన్న నా దిక్కు వస్తడు అని. కుంకుమ బరిణ తోమి, గూట్ల పెట్టుకొని రెడీగున్న.

దినాలు అయినంక మొదటి డ్యూటీ. తానం చేసిండు, టోపి పట్టుకున్నడు. మల్ల ఆడికే పోయిండు. గోడవతల నుంచి అంత ఇనవడుతుంది. వద్దు మరిది, నా నొసలే ఉత్తగున్నది, నేను పెట్టొద్దు అంటుంది ఆమె. "నాకు నీ చెయ్యే కావాలె వదినె, లేకపోతే నేను దిగ" అంటుండు ఈయిన. మా అత్త మొత్తుకుంటుంది. నేను సుత ఏమయ్యా, మొగడు పోయినామెతోని పొద్దుగాల బొట్టేంది అన్న. లోకమనేదే అన్న నేను, తప్పన్ననా? ఈయిన ఇన్లే. అరగంట నిలవడ్డడు. ఆఖరికి ఆమె ఏడ్సుకుంట పెట్టింది.

మొగడు పోయి ఏడుస్తున్నామెను చూసి కడుపు మండుడేందని నువ్వంటవు. నాకు తెలుసు, అంటవు. గని ఆమె మొగడు పోయి ఆమె ఏడుస్తుంది, నా మొగడుండి ఆమె గడపల నిలవడ్డడు. ఎవలికేమని చెప్పుకోవాలె నేను?

నౌకరి ఉన్నన్నేండ్లు గట్లనే నడిపిండు. రిటైరైననాడు దండలేసే దినం, బాయి దిగేది లేదు ఏం లేదు, గానాడు నా దగ్గరికొచ్చి, ఇయ్యాల నువ్వు పెట్టవే అన్నడు. ఆహా, భయం లేనినాడు నా చెయ్యి యాదికొచ్చిందా? నీ వదినె దగ్గరికే పో అన్న. పొమ్మంటె పోయిండు చూడు! నవ్వుకుంట పోయిండు. జర బతిలాడితే పెట్టకపోదునా?

జర నీళ్ళియ్యి. ఆ... చాలు.

ఇగ ఆయినె కడుపుల గడ్డ అయినప్పటి సంగతి. నువ్వు చిన్నదానివి, నీకు యాదుండది. కరీంనగర్ల పెద్ద దవాఖానకు పట్కపోయిండ్రు మీ నాయినోళ్ళు, ఆపరేషనన్నరు. మీ పెద్ద బాపమ్మకు మోకాళ్ళు వాసి ఇంటికాడనే ఉండె. నేను ఉన్న. పొద్దుగాల లోపటికి తీసుకపోతమన్నరు. సూది ఇచ్చిండ్రు, కండ్లు మూతలు పడుతున్నయి ఆయినెకు. నేను అమ్మోరి పటం కాడి కుంకుమ కాయితంల కట్టి తెచ్చుకున్న. ఆ బండి మీద పండుకోవెట్టినంక, జర ఆగు బిడ్డా అని నర్సును బతిలాడి, ఆయినె నొసట బొట్టు పెట్టిన. పెండ్లైనంక గదే మొదటిసారి.

కండ్లు తెరువలే ఆయిన. మొకం మీద నవ్వొచ్చింది. "వచ్చినవా వదినె?" అన్నడు.

నేనేం చెప్పాలె? నేనే, నీ పెండ్లాన్ని అన్నల్నా? నోటిదాక వచ్చింది. మింగిన. ఊ, వచ్చిన అన్న.

"భయమైతుంది వదినె" అన్నడు. చిన్న పిల్లగాని లెక్క అన్నడు. ఇన్నేండ్ల సంసారంల గా మాట నా చెవుల పడ్డది గప్పుడే. గది సుత ఆమె పేరు మీద పడ్డది. నొసలు మీద చెయ్యి అట్లనే ఉంచి, నేనున్న, పోయి రా అన్న. తల ఊపిండు. నిమ్మళంగ పోయిండు లోపటికి. గదే ఆఖరు మాట, మల్ల లేవలే ఆయిన.

ఇగో, గా ముచ్చట మీ పెద్ద బాపమ్మకు ఇనవెట్టకు. ఏమన్న చెయ్యి, గది నీ ఫోన్ల నుంచి తీసేసెయ్యి, లేకపోతే మీ సార్లకియ్యి, ఆమె చెవుల మాత్రం పడొద్దు. ఆఖరికి నన్నే తలిచిండా మరిది అని సంబరపడ్తది. గా సంబరం నేను ఆమెకియ్య. నేను సచ్చినా ఇయ్య.

బంద్ చెయ్యి గది, చాలు. ఇటు రా. సల్లగుండు బిడ్డా. మంచిగ సదువుకో, నౌకరి చెయ్యి. నీకొచ్చేటోడు ఎవలో ఏమో గని, ఆనికి భయమైననాడు నీకే చెప్పాలె. ఇగ గంతే, అంతకంటె పెద్ద దీవెన నాకు తెల్వది...