గుడ్డ లేని కొలత

మధ్యాహ్నం. కుట్టు దుకాణంలో దర్జీ, బస్సు నడిపే అతని బావ.

“ఊపిరి వదులు బావా.”

“వదిలాను.”

“వదల్లేదు. లోపల బిగబట్టి నన్నే మోసం చేస్తున్నావు. వదులు… ఆఁ, అదీ! నలభై నాలుగు.”

“టేపు సాగిందేమోరా.”

“టేపు సాగదు బావా, సాగింది ఇంకోటుంది. ఇంతకీ స్టీరింగ్ చేత్తో తిప్పుతున్నావా, పొట్టతోనా?”

“డిపోలో అందరికీ ఉంది పొట్ట. నువ్వు రాసుకో ముందు.”

“ప్యాంటుకా?”

“ప్యాంటేం వద్దు. ఊరికే రాయి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తా, అప్పుడూ రాయి.”

“గుడ్డ లేకుండా కొలతేంటి? అక్క ఏమన్నా అందా?”

“మీ అక్కకి చెప్పకు.”

“ఏం చెప్పకూడదు?”

“ఏం లేదు.”

“బావా…”

“స్కాను తీశార్రా. పిత్తాశయంలో రాళ్ళట. లివర్‌కి కొవ్వు కూడా పట్టిందట. అంతా ఈ పొట్ట పుణ్యమేనంది డాక్టరమ్మ.”

“రాళ్ళా! అందుకేనా, నూనెవి తిన్నప్పుడల్లా కుడి డొక్క పట్టుకుని గ్యాసూ గ్యాసూ అంటావు?”

“గ్యాసే అనుకున్నా.”

“లోపల కంకర పోసుకుని గ్యాసంటే ఎట్లా? ఎన్నున్నాయి?”

“నాలుగు. గోడకి చాలవులే.”

“నవ్వించకు, టేపు జారిపోతోంది. నొప్పి ఓర్చుకోలేక వెళ్ళావా?”

“నొప్పికి కాదు.”

“మరి? సూది పేరెత్తితే సీటు కింద దూరే మనిషివి, స్కాను దాకా ఎందుకెళ్ళావు?”

“వెళ్ళా. అంతే. నువ్వు వెళ్ళట్లా?”

“నాది వేరు. నా లివర్ పని అయిపోయింది. ఎవరిదన్నా ముక్క దొరికితే ఉంటా, లేకపోతే లేదు. మనవాళ్ళనెవర్నీ అడగనని ఒట్టేశానుగా. నా గొడవొదిలెయ్. డాక్టరమ్మ ఇంకేమంది?”

“ఇలా అయితే కుదరదంది.”

“అంటే?”

“మూడు నెలలు నూనె, తీపి తగ్గించి, రోజూ నడిచి, పొట్ట కరిగించుకుని రమ్మంది. అప్పుడు మళ్ళీ చూస్తుందట.”

“అప్పటిదాకా రాళ్ళు తియ్యరా?”

“రాళ్ళదేముందిరా, అవెప్పుడైనా తీస్తారు.”

“మరి కుదరనిదేంటి బావా?”

“కొవ్వు పట్టిన ముక్క నీకు పెట్టడం.”