మళ్లీ రండి

డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర మొగుడూ పెళ్లాం ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు.

"ఏమండీ, నిన్న శాలువా తీసుకెళ్లినావిడ మన షాపు ఆన్‌లైన్ పేజీలో రాసింది. చనిపోయిన వాళ్లమ్మదట. మనం కాల్చేశామట."

"అంచు కాలింది నిజమే. కనపడకుండా మడతపెట్టి ఇచ్చేశాను. క్షమించమని రాయి."

"ఈలోపే జవాబు వెళ్లిపోయింది. 'మీ ఆనందమే మా ఆనందం, మళ్లీ రండి' అని."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపక్కర్లేదుగా! మన పేరు ఎవరెత్తినా దానంతటదే వెళ్లేలా పెట్టారు మీరు, పని తగ్గుతుందని."

"అయ్యో, ఆపెయ్!"

"ఎలా ఆపాలో తెలిస్తేగా! తిట్టిన ప్రతివాళ్లనీ మళ్లీ రమ్మంటోంది. ఊరంతా చదువుతోంది."

"ముందు ఆవిడకి రాయి."

"రాశాను. 'తప్పు మాదేనమ్మా, ఆ శాలువాని తిరిగి తేలేం' అని. చాలా?"

"చాలు. పంపు."

"పోవడం లేదండీ. ఫిర్యాదులు ఎక్కువయ్యాయని మన ఖాతా మూసేశారు."

"పోనీ ఫోన్ చేద్దాం. నంబరు?"

"అందరూ పేజీలోనే మాట్లాడతారు, నంబర్లెందుకని రాసుకోవడం మాన్పించింది మీరేగా."

"మిగతా బట్టలకి వస్తుందిలే. అప్పుడు చెబుదాం."

"మిగతావేం లేవండీ. ఆవిడ మనకిచ్చింది ఆ శాలువా ఒక్కటే."